శాస్త్రవేత్త ప్రభావాన్ని సైటేషన్లతో లెక్కకట్టడం: ఈ పని ఎలా సాగుతుందో నా అనుభవం

ఒక శాస్త్రవేత్త పేరు చెప్పి "ఈయన పరిశోధనకు ఎంత ప్రభావం ఉందో లెక్కకట్టి ఇవ్వండి" అని ఎవరైనా అడిగితే, ముందు నేను అడిగేది ఆ లెక్క దేనికని. పదోన్నతి కమిటీకా, గ్రాంటు దరఖాస్తుకా, ల్యాబ్ పదేళ్ల పనిని సమీక్షించడానికా? దాన్ని బట్టే ఏ పేపర్లు తీసుకోవాలి, ఏ సంవత్సరాలు చూడాలి, చివర్లో ఏ అంకె ముందు పెట్టాలి అన్నవి తేలతాయి. గ్రాంటుకైతే ఈ మధ్య ఐదారేళ్ల పని చూడాలి. జీవితకాల పురస్కారానికి అదే కిటికీ పెడితే పాత పని గాలికి పోతుంది.

సైటేషన్ అంటే ఒక పేపర్‌ను ఇంకో పేపర్ ఉల్లేఖించడం. పేపర్ల సంఖ్యనూ వాటి సైటేషన్లనూ కలిపి ఒకే అంకెలో చెప్పే హెచ్-ఇండెక్స్ కట్టడానికి ఐదు నిమిషాలు చాలు. కష్టమంతా ఆ ఐదు నిమిషాలకు ముందే ఉంటుంది. ఎవరి పేపర్లు ఎవరివో తేల్చడం, ఒకే పేపర్ రెండుసార్లు పడకుండా చూడటం, దేనితో దేన్ని పోల్చాలో నిర్ణయించుకోవడం. జాబితా తప్పైతే సూత్రం ఎంత గొప్పదైనా ఒరిగేదేమీ లేదు.

మొదటి మెట్టు మనిషిని గుర్తించడం. జర్నళ్లు చాలాకాలం ఇంటిపేరు, ఒక ఇనీషియల్ మాత్రమే అచ్చువేశాయి. దాంతో డేటాబేసుల్లో రెండు రకాల పొరపాట్లు ఉంటాయి. ఇద్దరు మనుషులు ఒకే ప్రొఫైల్‌లో కలిసిపోవడం ఒకటి, ఒకే మనిషి రెండు మూడు ప్రొఫైళ్లుగా చీలిపోవడం రెండోది. ఉద్యోగం మారినా, పెళ్లి తర్వాత పేరు మారినా, ఇంటిపేరు ముందు రాసే పద్ధతి నుంచి చివర రాసే పద్ధతికి మారినా చీలిక వస్తుంది. చీలికలో లెక్క తగ్గుతుంది కాబట్టి శాస్త్రవేత్తే వచ్చి ఫిర్యాదు చేస్తారు. కలిసిపోయినప్పుడు లెక్క పెరుగుతుంది, ఎవరూ మాట్లాడరు. అందుకే నేను ముందు వెతికేది ఇలా కలిసిపోయినవాటి కోసం.

దాన్ని పట్టే పద్ధతి ఇది. ప్రొఫైల్‌లోని పేపర్లన్నీ తీసుకుని, కనీసం ఒక సహరచయిత ఉమ్మడిగా ఉన్న పేపర్లను ఒకదానితో ఒకటి కలుపుతూ పోవాలి. అన్నీ ఒకే గుంపుగా ముడిపడితే సరే. ఏ సంబంధమూ లేని రెండు గుంపులుగా విడిపోతే అక్కడ ఇద్దరు మనుషులున్నారని అనుమానించాలి. అనుమానమే, తీర్పు కాదు. పీహెచ్‌డీ తర్వాత రంగం, దేశం రెండూ మార్చుకున్నవారి పేపర్లూ ఇలాగే విడిపోతాయి. అప్పుడు పేపర్ మొదటి పేజీ తెరిచి సంస్థ పేరు, ఈమెయిలు చూడటం తప్ప దగ్గరి దారి లేదు. ఆ మనిషి తొలి పేపర్‌కు పదిహేనేళ్ల ముందటి పేపర్ ఏదైనా జాబితాలో కనిపిస్తే అదీ వెంటనే తెరవాల్సిందే.

పరిశోధకులకు ఒక్కొక్కరికి ఒకటిగా ఇచ్చే, 2012లో మొదలైన ఆర్కిడ్ గుర్తింపు సంఖ్య ఈ బాధను చాలావరకు తగ్గించింది. అందులో పదహారు స్థానాలుంటాయి, చివరిది తనిఖీ అంకె. ఆ స్థానంలో ఒక్కోసారి అంకెకు బదులు 'ఎక్స్' అక్షరం వస్తుంది, అది తప్పేమీ కాదు. అయితే ఆర్కిడ్ రికార్డును నింపేది, నింపడానికి అనుమతులిచ్చేది ఆ శాస్త్రవేత్తే. సంఖ్య తీసుకుని లోపల ఏమీ పెట్టనివారు కొల్లలు. దాన్ని వెతుకులాటకు మొదటి కొసగా వాడుకోవాలి తప్ప పూర్తి జాబితా అనుకోకూడదు.

ఇక డేటా ఎక్కడినుంచి తేవాలి? యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో తెచ్చిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వారసత్వమే ఇప్పటి వెబ్ ఆఫ్ సైన్స్. స్కోపస్, గూగుల్ స్కాలర్ రెండూ 2004లో వచ్చాయి. మైక్రోసాఫ్ట్ అకడెమిక్ 2021 చివర్లో మూతపడగానే, 2022 జనవరిలో ఓపెన్‌అలెక్స్ ఆ ఖాళీని అందుకుంది. ఒకే మనిషికి ఈ నాలుగూ నాలుగు అంకెలు చూపిస్తాయి. సాధారణంగా స్కాలర్ అంకె అన్నిటికంటే పెద్దది, ఎందుకంటే అది థీసిస్‌లు, నివేదికలు, ప్రీప్రింట్లు (జర్నల్లో అచ్చుకు ముందే బయటపెట్టిన పేపర్లు), వెబ్‌లో దొరికిన రకరకాల పత్రాల నుంచి వచ్చే సైటేషన్లను కూడా లెక్కేస్తుంది. కంప్యూటర్ సైన్స్‌లో కాన్ఫరెన్సులు, సామాజిక శాస్త్రాల్లో పుస్తకాలు ముఖ్యం కాబట్టి అక్కడ ఆ విస్తృతి మంచిదే. కానీ వడపోత లేని చోట మోసానికీ తలుపులు తెరిచే ఉంటాయి. 2010లో సిరిల్ లబే అనే ఫ్రెంచ్ పరిశోధకుడు ఐక్ ఆంట్‌కేర్ అనే లేని శాస్త్రవేత్తను సృష్టించాడు. ప్రోగ్రామ్‌తో పుట్టించిన అర్థంలేని పేపర్లు ఒకదాన్నొకటి ఉల్లేఖించేలా పేర్చి, స్కాలర్ లెక్కలో ఆ లేని మనిషికి 94 హెచ్-ఇండెక్స్ తెప్పించాడు.

ఏ డేటాబేస్ వాడినా ఫరవాలేదు, కలపడమే కూడదు. ఒకరికి స్కాలర్ అంకె, ఇంకొకరికి స్కోపస్ అంకె పక్కపక్కన పెట్టిన పట్టికలు కమిటీల ముందుకు వస్తూనే ఉంటాయి. అలాంటి పట్టికను చదవడం కూడా అనవసరం. డేటా దించుకున్న తేదీ రాసిపెట్టుకోవడం మరవకూడదు. రెండు నెలల తర్వాత అదే వెతుకులాట వేరే అంకె ఇస్తుంది.

దించుకున్న జాబితాలను కలిపేటప్పుడు డీఓఐ మీదే, అంటే ఒక్కో పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు కోడ్ మీదే ఆధారపడతాను. డీఓఐలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లేదు. కానీ స్ప్రెడ్‌షీటుకూ ప్రోగ్రామ్‌కూ ఆ సంగతి తెలియదు. కాబట్టి అన్నిటినీ చిన్నక్షరాల్లోకి మార్చి, ముందుండే వెబ్ చిరునామా భాగాన్ని తీసేసి, చివర అంటుకున్న చుక్కలు, ఖాళీలు తుడిచాకే పోల్చాలి. డీఓఐ లేనివాటికి శీర్షికలోని విరామచిహ్నాలు తీసేసి, మొదటి రచయిత ఇంటిపేరుతో కలిపి చూడాలి. సంవత్సరంలో ఒక ఏడాది అటూ ఇటూ ఒప్పుకోవాలి, ఎందుకంటే ఆన్‌లైన్‌లో డిసెంబరులో వచ్చిన పేపర్ అచ్చు సంచికలో మరుసటి ఏడాదికి పడుతుంది.

ఇక్కడే ఎక్సెల్ చేసే చేటు గురించి చెప్పాలి. దించుకున్న ఫైలును నేరుగా రెండుసార్లు నొక్కి తెరిస్తే '3-12' అనే పేజీ సంఖ్యలు తేదీలైపోతాయి. పేర్లలోని ప్రత్యేక అక్షరాలు పిచ్చి గుర్తులవుతాయి. ఇంకా ప్రమాదకరమైనది ఇంకొకటుంది. ఎక్సెల్ సంఖ్యకు ముందున్న సున్నాలను ఉంచదు. గీతలు తీసేసిన ఆర్కిడ్‌ను సంఖ్యగా తెరిస్తే మొదట ఉండే సున్నాలన్నీ ఎగిరిపోతాయి. తర్వాత జతపరిస్తే అవి కలవవు. ఫైలు తెరిచేటప్పుడే అన్ని నిలువు వరుసలనూ టెక్స్ట్‌గా దిగుమతి చేసుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

ప్రీప్రింటుకు ఒక డీఓఐ, జర్నల్లో అచ్చయిన రూపానికి ఇంకో డీఓఐ ఉంటాయి. కొన్ని డేటాబేసులు రెంటినీ కలిపి చూపిస్తాయి, కొన్ని విడిగా ఉంచుతాయి. విడిగా ఉన్నప్పుడు రెంటి సైటేషన్లూ కూడాలి, కానీ రెంటినీ ఉల్లేఖించిన పేపర్‌ను ఒక్కసారే లెక్కపెట్టాలి. అంటే అంకెలు కూడితే చాలదు, ఉల్లేఖించిన పేపర్ల జాబితాలు కలిపి డూప్లికేట్లు తీయాలి. సమీక్షా వ్యాసాలు, సంపాదకీయాలు, సవరణ ప్రకటనలు వేరే గుర్తుతో పెట్టుకోవాలి. వెనక్కి తీసుకున్న పేపర్లకు రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్ చూడాలి. దాన్ని 2023లో, డీఓఐలను నమోదుచేసే క్రాస్‌రెఫ్ సంస్థ తీసుకుని అందరికీ ఉచితంగా ఇస్తోంది. రిట్రాక్ట్ అయిన పేపర్‌కు ఆ తర్వాత కూడా సైటేషన్లు వస్తూనే ఉంటాయన్నది మరో విచిత్రం.

జాబితా శుభ్రపడ్డాక లెక్క. నమూనాకు పన్నెండు పేపర్లున్న ఒక ఊహా జాబితా తీసుకుందాం. సైటేషన్లు పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా: 210, 96, 54, 41, 30, 22, 15, 11, 9, 9, 4, 0. మొత్తం 501. సగటు 41.75, మధ్యస్థం 18.5. ఒక్క మొదటి పేపరే మొత్తంలో దాదాపు 42 శాతం. సైటేషన్లు ఎప్పుడూ ఇలాగే వంకరగా పంచుకుంటాయి కాబట్టి సగటును నేను నివేదికలో ముందు పెట్టను.

హోర్హె హిర్ష్ 2005లో ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్ ప్రకారం, ఎన్నో స్థానంలో ఉన్న పేపర్‌కు కనీసం అన్ని సైటేషన్లు ఉండాలి. తొమ్మిదో స్థానంలో 9 ఉంది, సరిపోయింది. పదో స్థానంలో 10 కావాలి, 9 మాత్రమే ఉంది. కాబట్టి హెచ్ 9. గూగుల్ స్కాలర్ చూపే ఐ-టెన్ అంటే పది లేదా అంతకు మించి సైటేషన్లున్న పేపర్ల సంఖ్య, ఇక్కడ 8. లియో ఎగే 2006లో చెప్పిన జీ-ఇండెక్స్‌కు పైనుంచి కూడుతూ రావాలి, కూడిక మొత్తం స్థానపు వర్గానికి తగ్గకూడదు. పన్నెండో స్థానానికి 144 చాలు, మన దగ్గర 501 ఉంది. అంటే పేపర్లు అయిపోయాయి గానీ జీ ఆగలేదు. సున్నా సైటేషన్లున్న ఊహా పేపర్లను చేర్చి ముందుకెళితే 22 దాకా వెళుతుంది (22 వర్గం 484), ఆపేస్తే 12. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి, ఏది వాడామో రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

ఈ జాబితా అంచుల దగ్గర ఏం జరుగుతుందో చూడండి. చివర్లో ఉన్న రెండు తొమ్మిదులకు చెరొక సైటేషన్ తగిలితే హెచ్ 10 అవుతుంది. రెండంటే రెండు సైటేషన్లు. అదే మొదటి పేపర్‌కు ఇంకో వెయ్యి వచ్చినా హెచ్ 9 దగ్గరే కూర్చుంటుంది. ఇటువైపు, ఆ రెండు పేపర్ల సైటేషన్లలో సొంతవి (తన పేపర్లను తానే ఉల్లేఖించినవి) తీసేస్తే 8, 6 మిగిలాయనుకోండి, హెచ్ 8కి దిగుతుంది. ఇద్దరు అభ్యర్థుల మధ్య హెచ్ ఒకటో రెండో తేడా ఉందని ఒకరిని పక్కన పెట్టడం ఎంత అన్యాయమో ఈ చిన్న జాబితా చెబుతుంది.

అనుభవం తేడాను సరిచేయడానికి హెచ్‌ను మొదటి పేపర్ నుంచి గడిచిన సంవత్సరాలతో భాగించమని హిర్షే సూచించాడు. భౌతికశాస్త్రాన్ని దృష్టిలో పెట్టుకుని, ఇరవై ఏళ్లకు ఆ భాగఫలం 1 ఉంటే విజయవంతమైన శాస్త్రవేత్త అన్నాడు. దాన్ని గణితానికో జీవశాస్త్రానికో ఎత్తుకెళ్లి అతికించడం పొరపాటు. ప్రసవ సెలవు, పిల్లల పెంపకం, అనారోగ్యం వల్ల పనికి దూరమైన ఏళ్లను హారంలోంచి తీయకపోతే ఆ భాగఫలం మనిషిని శిక్షిస్తుంది.

సొంత సైటేషన్లను తీసేయడం చెప్పినంత తేలిక కాదు, ఎందుకంటే నిర్వచనాలు రెండున్నాయి. ఇరుకైనది: ఆ శాస్త్రవేత్త పేరు రెండు పేపర్లలోనూ ఉండాలి. విశాలమైనది: రెండు పేపర్లకూ ఉమ్మడిగా ఏ ఒక్క రచయిత ఉన్నా అది సొంతమే. వందలమంది రాసే పేపర్లకు రెండోది వాడితే దాదాపు ప్రతి సైటేషనూ సొంతమైపోతుంది. నేను రెండూ కట్టి రెండూ చూపిస్తాను. ఒకే సమస్యను ఏళ్లతరబడి తవ్వేవారు తమ పాత పనిని ఉల్లేఖించకుండా రాయలేరు, కాబట్టి కొంత సొంత సైటేషన్ సహజమే. అనుమానించాల్సింది వేరే తీరును. ఉల్లేఖించిన పేపర్లను జర్నల్ వారీగా, మొదటి రచయిత వారీగా, సంవత్సరం వారీగా విడగొట్టాలి. మామూలుగా చాలా జర్నళ్లు, చాలామంది రచయితలు, ఒక్కొక్కరి నుంచి ఒకటో రెండో కనిపిస్తాయి. అలాకాక పెద్ద వాటా ఒకే జర్నల్ ప్రత్యేక సంచిక నుంచో, ఒకే చిన్న గుంపు నుంచో వచ్చిందంటే ఆ పేపర్లు తెరిచి చదవాలి. ఒకే వాక్యం చివర పదిహేను ఉల్లేఖనాలు గుత్తిగా వేలాడుతూ, అందులో ఏడెనిమిది ఒకరివే అయితే ఇక చెప్పేదేముంది.

రంగాల తేడాకు విరుగుడు సాధారణీకరణ. స్కోపస్ వాడే ఎఫ్‌డబ్ల్యూసీఐ అనే కొలత, పేపర్ వెలువడిన ఏడాదీ ఆ తర్వాతి మూడేళ్లూ వచ్చిన సైటేషన్లను, అదే రంగం, అదే ఏడాది, అదే రకం పేపర్ల ప్రపంచ సగటుతో భాగిస్తుంది. 1 అంటే సగటు. 30 సైటేషన్లు వచ్చిన పేపర్‌కు ఆశించినది 20 అయితే 1.5. ఒక మనిషికి కట్టేటప్పుడు నిష్పత్తుల సగటు తీయాలా, మొత్తాల నిష్పత్తి తీయాలా అన్నది చిన్న ప్రశ్నలా కనబడుతుంది. రెండు పేపర్లున్నాయనుకోండి. ఒకదానికి 2 ఆశిస్తే 4 వచ్చాయి, ఇంకోదానికి 40 ఆశిస్తే 10 వచ్చాయి. నిష్పత్తులు 2, 0.25, వాటి సగటు 1.125, అంటే ప్రపంచ సగటు కంటే మెరుగు. మొత్తాల నిష్పత్తి 14ను 42తో భాగిస్తే 0.33, అంటే మూడోవంతు. అవే పేపర్లు, అవే సైటేషన్లు! పేపర్లు తక్కువున్నప్పుడు ఒక్కటి ఎగిరినా సగటు ఎగురుతుంది కాబట్టి, తన రంగంలో అత్యధికంగా ఉల్లేఖించిన పది శాతంలో ఎన్ని పేపర్లు పడ్డాయన్న లెక్క నాకు ఎక్కువ నమ్మకం. రెండేళ్లు కూడా నిండని పేపర్లను ఈ లెక్కలో అసలు చేర్చను.

సహరచయితల లెక్కలో అంకెలు ఇంకా త్వరగా అదుపు తప్పుతాయి. ఐదుగురు రాసిన పేపర్ పది జతలనిస్తుంది, ఇరవైమంది రాసినది 190 జతలు. హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశి మీద సెర్న్ పరిశోధనాకేంద్రంలోని అట్లాస్, సీఎంఎస్ బృందాలు కలిసి 2015లో ప్రచురించిన పేపర్‌కు 5,154 మంది రచయితలు. ఆ ఒక్క పేపర్ వల్లే 1,32,79,281 జతలు ఏర్పడతాయి. అలాంటిది ఒకటి జాబితాలో ఉంటే, "ఈయనకు ఐదువేలమంది సహకారులున్నారు" అనే వాక్యం సాంకేతికంగా నిజమై, అసలుకు అబద్ధమవుతుంది. దీనికి రెండు మందులు. మార్క్ న్యూమన్ 2001లో చూపిన పద్ధతిలో పేపర్ ఇచ్చే బంధపు బరువును రచయితల సంఖ్యలో ఒకటి తక్కువతో భాగించాలి. అప్పుడు పేపర్ పెద్దదైనా చిన్నదైనా ఒక రచయితకు దాని ద్వారా వచ్చే మొత్తం బరువు ఒకటే. లేదా రచయితల సంఖ్యకు పరిమితి పెట్టి మించినవాటిని విడిగా నివేదించాలి.

ఎవరు ఎవరితో కలిసి రాశారో చూపే పటం గీయడానికి చాలామంది వాడే వీఓఎస్‌వ్యూయర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ పరిమితి కోసం ఒక గడి ఉంది, దాన్ని టిక్ చేస్తే మొదట చూపే అంకె 25. జీవశాస్త్రంలో అది మంచి పేపర్లను కూడా మింగేస్తుంది, కాబట్టి కళ్లు మూసుకుని ఒప్పుకోకూడదు. ఒకే మనిషి పేరు మూడు రకాలుగా ఉంటే పటంలో మూడు చుక్కలు పడతాయి. దానికి రెండు నిలువు వరుసల థెసారస్ ఫైలు రాసివ్వాలి: ఎడమ ఉన్న పేరు, కుడి ఉండాల్సిన పేరు. పటంలో దగ్గరగా ఉన్నవారు కలిసి పనిచేసేవారన్నది ఉజ్జాయింపు మాత్రమే. పటాన్ని తిప్పినా బోర్లించినా అర్థం మారదు. పైన ఉన్నవాడు గొప్పవాడని చదివేవారికి మాత్రం ఓ దండం.

సహకారంలో నేను నిజంగా చూసేది మూడు విషయాలు. పీహెచ్‌డీ గైడ్ పేరున్న పేపర్లు తీసేస్తే ఏం మిగులుతుంది, ఎప్పటినుంచి మిగులుతుంది? ఐదేళ్ల ముక్కలుగా కోసి చూస్తే కొత్త సహరచయితలు వస్తున్నారా, పాతవారితోనే తిరుగుతున్నారా? ఆయన్ని పటంలోంచి తీసేస్తే వేర్వేరు గుంపులు విడిపోతాయా? మూడోదాన్ని, ఒకరు మిగతావారి మధ్య ఎంతగా వారధిగా ఉన్నారో చెప్పే అంకెతో (బిట్వీన్‌నెస్) కొలుస్తారు గానీ, తీసేసి చూస్తే కంటికే కనబడుతుంది. అంతర్జాతీయ సహకారం శాతం చెప్పేముందు చిరునామాలు చూడాలి. రెండు దేశాల్లో రెండు సంస్థల పేర్లు పెట్టుకున్న ఒకే రచయిత ఒంటరిగా రాసిన పేపర్ కూడా ఆ లెక్కలో అంతర్జాతీయ సహకారమైపోగలదు.

సైటేషన్లను రచయితలకు పంచడం మరో చిక్కు. నలుగురు రాసిన 210 సైటేషన్ల పేపర్‌ను సమానంగా పంచితే ఒక్కొక్కరికి 52.5. మొదటి, చివరి రచయితలకు ఎక్కువ ఇద్దామంటే జీవశాస్త్రంలో అర్థముంది, అక్కడ చివరి పేరు ల్యాబ్ అధిపతిది. గణితంలో, అర్థశాస్త్రంలో పేర్లు చాలావరకు అక్షరక్రమంలో ఉంటాయి, అక్కడ ఆ బరువు ఇంటిపేరు మొదటి అక్షరానికి బహుమతి ఇచ్చినట్టే. పేపర్ చివర ఎవరు ఏ పని చేశారో పద్నాలుగు పాత్రలుగా చెప్పే, క్రెడిట్ (CRediT) అనే పట్టిక ఉంటే, ఏ సూత్రం కంటే అదే మేలు.

అంకెలన్నీ వచ్చాక, ఎక్కువ సైటేషన్లున్న నాలుగైదు పేపర్లను ఉల్లేఖించినవాటిలోంచి పాతిక ముప్పై యాదృచ్ఛికంగా తీసి, ఆ వాక్యాలు చదువుతాను. పద్ధతిని వాడుకున్నారా, ఫలితం మీద కట్టారా, తప్పని చూపారా, ముందుమాటలో మర్యాదకు పేరెత్తారా? ప్రపంచంలో అత్యధికంగా ఉల్లేఖించిన పేపర్ లోరీ, సహచరులు 1951లో ప్రొటీన్‌ను కొలిచే పద్ధతి గురించి రాసినది. 3 లక్షలకు పైగా సైటేషన్లు. అది ప్రయోగశాలల్లో రోజూ వాడిన ఉపయోగానికి గుర్తు, లోతైన సిద్ధాంతానికి కాదు. ఆ తేడా ఏ ఇండెక్సూ చెప్పదు, వాక్యం చెబుతుంది.

నివేదికలో డేటాబేస్ పేరు, దించిన తేదీ, సంవత్సరాల పరిధి, తీసేసిన పేపర్లు, తీసేసిన కారణం, సొంత సైటేషన్లతోనూ లేకుండానూ అంకెలు తప్పకుండా ఉండాలి. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ మాత్రం పెట్టను. అది జర్నల్ పేపర్లకు వచ్చే సైటేషన్ల సగటు, మనిషిది కాదు. పరిశోధనను ఎలా అంచనా వేయాలన్న దానిపై 2013లో వెలువడిన డోరా ప్రకటన చెప్పిందీ అదే. లెక్క కట్టబోయే ముందే పేపర్ల జాబితాను ఆ శాస్త్రవేత్తకు పంపి సరిచూడమనాలి. ఇలాంటి కొలతలను ఎలా వాడాలో చెప్పే 2015 నాటి లైడెన్ మేనిఫెస్టో పది సూత్రాల్లో ఇదీ ఒకటి. తిరిగి వచ్చే సవరణల్లో ఎక్కువగా ఉండేవి పాత పేరుతో రాసిన పేపర్లు, పుస్తక అధ్యాయాలు, ప్రాంతీయ జర్నళ్ల వ్యాసాలు. వాళ్లు చేర్చమన్న పేపర్ ఆ డేటాబేస్‌లో లేకపోతే దాన్ని ఆ డేటాబేస్ హెచ్‌లో కలపకూడదు. వేరే పట్టికలో, సైటేషన్ల గడి ఖాళీగా ఉంచి పెట్టాలి. సున్నా వేస్తే ఎవరూ ఉల్లేఖించలేదని అర్థం వస్తుంది.